ఎవరి తడబాటు ఎంతకాలం గుర్తుంటుంది



ఈ వారం రాస్తానని చెప్పిన విషయం పక్కన పెడుతున్నాను. మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక పాత విద్యార్థిని ఫోన్ చేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అంది. "ఆ నంబర్ నాకు తెలుసక్కా. నోటికి రాలేదంతే."

సంగతి ఇదీ. ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్ బకాయిల మీద ఒక టీవీ చర్చకు ఆమెను పిలిచారు. వారం రోజులు కూర్చుని చదువుకుంది. జీవోలు తిరగేసింది, హాస్టల్ పిల్లలతో మాట్లాడింది, రెండు పేజీల నోట్సు రాసుకుంది. స్క్రీన్ మీద ఆరు గళ్లు, అందులో ఒక గడిలో ఆమె. యాంకర్ హాస్టళ్ల గురించి అడగలేదు, పిల్లల గురించి అడగలేదు. "మొత్తం బకాయి ఎన్ని కోట్లు? ఉద్యమం చేస్తున్నారు కదా, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు. ఆమె ఒక సంఖ్య చెప్పింది, కాదని ఇంకోటి చెప్పింది, ఆగిపోయింది. మొత్తం ఇరవై సెకన్ల ముక్క. తెల్లారేసరికి అది ఫోన్ల నిండా తిరుగుతోంది. కింద వచ్చిన కామెంట్లు ఇక్కడ రాయను. వాటిలో బకాయిల గురించి ఒక్కటీ లేదు. ఆమె ఏ కోటాలో సీటు తెచ్చుకుందో, ఎలా కనిపిస్తోందో, ఏ వాడ నుంచి వచ్చిందో, అన్నీ అవే.

"నేనింక మైకు ముందుకు రానక్కా" అంది.

ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాను. "పోన్లేమ్మా, అందరికీ జరుగుతుంది" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. తడబాటు అందరికీ వస్తుంది, నిజమే. ఆ తడబాటు పేరు పక్కన ఇంటిపేరులా అతుక్కుపోవడం మాత్రం అందరికీ జరగదు. ఈ తేడాకు ఒక చరిత్ర ఉంది. అందులో బాగా రికార్డయిన ఉదాహరణ మన దేశంలోది కాదు, బ్రిటన్‌ది. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మన దగ్గరికి వస్తాను.

2017 మే 2, లండన్. ఇంకో ఐదు వారాల్లో ఎన్నికలు. లేబర్ పార్టీ గెలిస్తే హోంమంత్రి కావాల్సిన మనిషి డయాన్ అబాట్. జమైకా నుంచి వలస వచ్చిన దంపతుల బిడ్డ. తండ్రి వెల్డర్, తల్లి నర్సు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివారు. 1987లో హాక్నీ ప్రాంతం నుంచి గెలిచారు. బ్రిటిష్ పార్లమెంటులో అడుగుపెట్టిన మొట్టమొదటి నల్లజాతి మహిళ ఆమె. ఆ ఉదయం ఎల్‌బీసీ రేడియోలో నిక్ ఫెరారీ అనే ప్రెజెంటర్‌తో ఇంటర్వ్యూ. కొత్తగా 10,000 మంది పోలీసులను తీసుకుంటామన్న హామీ మీద మాట్లాడాలి. ఖర్చెంత అని అడిగాడు. ఆమె 3 లక్షల పౌండ్లు అన్నారు. అంటే తలకు 30 పౌండ్లు. ఫెరారీ వదల్లేదు. కాసేపటికి 8 కోట్లు అన్నారు. ఒకచోట 10,000 మంది కాస్తా రెండున్నర లక్షల మంది అయ్యారు. పార్టీ వేసుకున్న అసలు లెక్క దాదాపు 30 కోట్ల పౌండ్లు. మధ్యలో ఆమె ఆగిపోయిన క్షణాలతో సహా మొత్తం రికార్డయింది. ఆ సాయంత్రానికి దేశమంతా విన్నది.

అబాట్ మైకు కొత్తయిన మనిషి కాదు. ఎంపీ కాకముందు టీవీ సంస్థల్లో పనిచేశారు. ఆండ్రూ నీల్ నడిపే 'దిస్ వీక్' అనే బీబీసీ కార్యక్రమంలో ఏళ్ల తరబడి కూర్చుని కన్సర్వేటివ్ నాయకుడు మైకేల్ పోర్టిలోతో వాదించారు. (ఆండ్రూ నీల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.) మరి ఆ రోజు ఏమైంది? ఎన్నికలయ్యాక ఆమే చెప్పారు. తనకు టైప్ 2 డయాబెటిస్ ఉంది. వరసబెట్టి ఆరేడు ఇంటర్వ్యూలు, సరిగ్గా తినలేదు, షుగర్ అదుపు తప్పింది. మన ఇళ్లల్లో అమ్మలకు మధ్యాహ్నం తిండి ఆలస్యమైతే మాట తడబడటం ఎవరు చూడలేదు? పోలింగ్‌కు ఒక్కరోజు ముందు అనారోగ్యం కారణంతో ఆమె ఆ బాధ్యత నుంచి పక్కకు జరిగారు.

ఇప్పుడు అదే నెల 17వ తేదీకి రండి. ఫిలిప్ హామండ్ అప్పటి ఆర్థిక మంత్రి. ఖజానా తాళం చేతిలో ఉన్న మనిషి. బీబీసీ రేడియోలో హైస్పీడ్ రైలు ప్రాజెక్టు ఖర్చెంత అని అడిగారు. 3,200 కోట్ల పౌండ్లు అన్నాడు. అసలు లెక్క 5,200 కోట్లకు పైన. తేడా 2,000 కోట్ల పౌండ్లు! ఒకరోజు వార్త అయింది, పోయింది. నా స్నేహితుల్లో బ్రిటన్ రాజకీయాలు రోజూ చదివేవాళ్లున్నారు. వాళ్లలో ముగ్గురిని అడిగాను. ముగ్గురికీ అబాట్ ఇంటర్వ్యూ తెలుసు, హామండ్‌ది ఒక్కరికీ తెలియదు.

అంతకు రెండేళ్ల ముందు, 2015 ఫిబ్రవరిలో, ఇదే ఫెరారీ ముందు గ్రీన్ పార్టీ నాయకురాలు నటాలీ బెనెట్ కూడా ఇలాగే ఆగిపోయారు. ఇళ్ల నిర్మాణానికి డబ్బెక్కణ్ణుంచి తెస్తారని అడిగితే గొంతు పెగల్లేదు. ఆమె తెల్లజాతి మహిళ. పార్టీ పరువు పోయింది, ఆమెను చూసి నవ్వారు. కానీ ఆమె పుట్టుకను ఎవరూ తవ్వలేదు. అబాట్ విషయంలో జరిగింది వేరు. 2017 ఎన్నికలకు ముందు ఆరు వారాల్లో మహిళా ఎంపీలకు ట్విట్టర్‌లో వచ్చిన దూషణల్ని ఆమ్నెస్టీ సంస్థ లెక్కపెట్టింది. మొత్తం దూషణల్లో 45 శాతం ఒక్క అబాట్‌కే వచ్చాయి. దాదాపు సగం బూతులు ఒక్క ఆడమనిషి మీద. 3 లక్షలకూ 30 కోట్లకూ తేడా తెలియనందుకు వచ్చిన కోపం అనుకుందామా? నా విద్యార్థిని వీడియో కింద కామెంట్లు చదివాక అలా అనుకోవడం నావల్ల కాదు. (ఆ ఎన్నికల్లో హాక్నీ జనం ఆమెకు 35,000 పైచిలుకు మెజారిటీ ఇచ్చారు. ఓట్లలో మూడొంతులు ఆమెవే.)

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. 2024 మార్చిలో కన్సర్వేటివ్ పార్టీకి భారీగా విరాళాలిచ్చిన ఒక వ్యాపారి గతంలో అబాట్ గురించి అన్న మాటలు బయటపడ్డాయి. ఆమెను చూస్తే నల్లజాతి ఆడవాళ్లందరినీ ద్వేషించాలనిపిస్తుందని, ఆమెను కాల్చెయ్యాలని. మార్చి 13న పార్లమెంటులో ప్రధానికి ప్రశ్నలు వేసే సమయం. అందరూ ఆమె గురించే మాట్లాడారు. మాట్లాడే అవకాశం కోసం ఆమె 46 సార్లు లేచి నిలబడ్డారు. స్పీకర్ ఒక్కసారీ పిలవలేదు. అప్పటికి ఆమె సొంత పార్టీ కూడా ఒక ఉత్తరం విషయంలో ఆమెను సస్పెండ్ చేసి ఉంది. మన గురించి చర్చ, మనకు మాత్రం మైకు లేదు. ఇది మనకెవరికీ కొత్త కాదు.

ఇక్కడితో ఆపేస్తే మన వ్యాసాల్లో తరచుగా జరిగే తప్పు నేనూ చేసినట్టే. మీడియా దుర్మార్గం, మనం బాధితులం, వ్యాసం సమాప్తం. లైకులు బాగానే వస్తాయి. కానీ ఆ అమ్మాయికి రేపు ఇంకో మైకు ఎదురైనప్పుడు అది పనికిరాదు. కాబట్టి అబాట్ నాయకుడి దగ్గరికి వెళ్దాం.

జెరెమీ కోర్బిన్ 1983 నుంచి ఎంపీ. 32 ఏళ్ల పాటు మంత్రి కాలేదు, ప్రతిపక్షంలో ముందు వరస బెంచీలోనూ కూర్చోలేదు. సొంత పార్టీ ప్రభుత్వంలో ఉండగానే 400 సార్లకు పైగా పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేశాడు. ఇరాక్ యుద్ధం వద్దన్నాడు, సరిగ్గానే అన్నాడు. 2015లో నాయకత్వానికి పోటీ చేయాలంటే 35 మంది ఎంపీల సంతకాలు కావాలి. గడువు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు 36 వచ్చాయి. వాటిలో కొన్ని, చర్చలో అన్ని గొంతులూ ఉండాలి కదా అని దయతలచి ఇచ్చినవి. సెప్టెంబరు 12న ఫలితం వస్తే 59.5 శాతం ఓట్లతో ఆయనే నాయకుడు. ఆయన ఎంత ఆశ్చర్యపోయి ఉంటాడో ఊహించగలను.

కష్టం ఇక్కడ మొదలైంది. జీవితమంతా 'కాదు' అని చెప్పిన మనిషి ఇప్పుడు 'ఇదీ నా నిర్ణయం, దీనికి జవాబుదారీ నేను' అని చెప్పాలి. ఈ రెండూ వేర్వేరు విద్యలు. సభలో మనవాళ్ల ముందు మాట్లాడటం ఒకటి. అక్కడ ముందు వరసలో కూర్చున్నవాళ్లు వాక్యం పూర్తికాకముందే చప్పట్లు కొడతారు. ఇంటర్వ్యూలో ఎదుటివాడు ఆ వాక్యాన్ని పూర్తి కానివ్వడు. మనలో చాలామంది నాయకులు మొదటి విద్యలో పండితులు. రెండోదాన్ని విద్యగానే ఒప్పుకోరు. 'మనం నిజం చెబుతున్నాం కదా, చాలు' అనుకుంటారు.

మీడియా పగ అబద్ధం కాదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు కోర్బిన్ నాయకుడైన మొదటి రెండు నెలల్లో 8 పత్రికల్లో వచ్చిన 812 కథనాలు పరిశీలించారు. సగానికి పైగా వార్తల్లో ఆయన గురించి రాశారు తప్ప ఆయన అన్న మాట లేదు. యుద్ధ స్మారకం దగ్గర తల సరిపడా వంచలేదన్నది కూడా వార్తే. దానికీ పాత చరిత్ర ఉంది. 1981లో అదే స్మారకం దగ్గరికి అప్పటి లేబర్ నాయకుడు మైకేల్ ఫుట్ వేసుకొచ్చిన కోటును కూలీలు తొడుక్కునే కోటని ఎగతాళి చేశారు. అది అలాంటి కోటు కానే కాదు. ఆ కోటు ఇప్పుడు మాంచెస్టర్ మ్యూజియంలో ఉంది. మనిషి రాసిన పుస్తకాలు ఎందరికి గుర్తున్నాయో గానీ కోటు మాత్రం మిగిలింది. ఇంకా వెనక్కి పోతే 1924. మొదటి లేబర్ ప్రభుత్వం పడిపోయి ఎన్నికలు జరగడానికి నాలుగు రోజుల ముందు, డైలీ మెయిల్ పత్రిక జినోవియేవ్ ఉత్తరం అని ఒకటి అచ్చేసింది. మాస్కో నుంచి బ్రిటన్ కమ్యూనిస్టులకు వచ్చిందట. అది నకిలీ అని చరిత్రకారులు తర్వాత తేల్చారు.

కానీ ఇక్కడో చిక్కుంది. 1924లో ఆ ఉత్తరం తర్వాత కూడా లేబర్‌కు వచ్చిన ఓట్లు తగ్గలేదు, పది లక్షల దాకా పెరిగాయి. సీట్లు తగ్గాయి, ఎందుకంటే లిబరల్ పార్టీ కూలిపోయి ఆ ఓట్లు కన్సర్వేటివ్‌లకు పోయాయి. అలాగే 2017లో పోలింగ్ ముందురోజు డైలీ మెయిల్ 13 పేజీలు కోర్బిన్, అబాట్, మెక్‌డానెల్‌ల మీద కేటాయించింది. ఉగ్రవాదానికి వత్తాసు పలికేవాళ్లని. ఫలితం? లేబర్‌కు 40 శాతం ఓట్లు, 30 సీట్లు అదనం, కన్సర్వేటివ్‌లకు మెజారిటీ పోయింది. అంటే పత్రికల పగ ఒక్కటే అన్నిటికీ కారణం అనుకుంటే 2017 ఫలితం అర్థం కాదు. ఆ ఎన్నికలో కోర్బిన్ ఊరూరా తిరిగి జనంతో నేరుగా మాట్లాడాడు. చెప్పే విషయం స్పష్టంగా ఉంది. ఫీజులు రద్దు చేస్తాం, రైళ్లు ప్రభుత్వానివి చేస్తాం, ఆస్పత్రులకు డబ్బిస్తాం. ఆ ప్రచారంలోనూ ఆయన ఒక రేడియో ఇంటర్వ్యూలో పిల్లల సంరక్షణ పథకం ఖర్చు చెప్పలేక తడుముకున్నాడు. ప్రశ్న అడిగిన ఎమ్మా బార్నెట్ యూదు మహిళ. ఆమెను ఆన్‌లైన్‌లో కొందరు కోర్బిన్ అభిమానులు జాతి పేరుతో తిట్టారు. ఆయన ఖండించాడు. మనవైపు వాళ్లకూ బూతులు వచ్చని మర్చిపోవద్దు.

ఇప్పుడు 2019 నవంబరు 26. ఆండ్రూ నీల్, బీబీసీ. ఆ రోజే బ్రిటన్ యూదుల ప్రధాన మతగురువు లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకతను తప్పుపడుతూ టైమ్స్ పత్రికలో రాశాడు. నీల్ మొదటి ప్రశ్న అక్కడే. యూదు సమాజానికి క్షమాపణ చెబుతారా? కోర్బిన్ అన్ని రకాల జాతివివక్షకూ తను వ్యతిరేకినన్నాడు, తన పార్టీ విధానం వివరించబోయాడు. నీల్ మళ్లీ అడిగాడు. నాలుగుసార్లు. నాలుగుసార్లూ కోర్బిన్ ఆ ఒక్క మాట అనలేదు. మర్నాడు పత్రికలన్నిటికీ అదే శీర్షిక. వారం తిరక్కుండానే, డిసెంబరు 3న, ఇంకో టీవీ కార్యక్రమంలో తెల్లారి టీ తాగే జనం ముందు 'సారీ' అన్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. అదే మాట వారం ముందు మొదటి ప్రశ్నకే అనుంటే రెండో నిమిషంలో సంభాషణ వేరే దారి పట్టేది.

ఎందుకు అనలేకపోయాడు? నా అంచనా చెబుతాను, మీరు విభేదించొచ్చు. జీవితమంతా జాతివివక్షకు వ్యతిరేకంగా వీధుల్లో నిలబడినవాడికి ఆ ప్రశ్నే అవమానంగా తోస్తుంది. 'నన్నా అడుగుతున్నావు?' ఆ నొప్పి ముఖం మీద కనిపిస్తుంది. తన మంచితనం మీద తనకున్న నమ్మకం వల్ల ఎదుటివాళ్ల గాయం వినపడదు. మరుసటి ఏడాది సమానత్వ, మానవహక్కుల కమిషన్ లేబర్ పార్టీ చట్టవిరుద్ధమైన వేధింపులకు, వివక్షకు బాధ్యురాలని తేల్చింది. అంటే నీల్ అడిగింది కేవలం కుట్ర కాదు. ఈ మాట రాయడం నాకు ఇష్టంగా లేదు, ఎందుకంటే కోర్బిన్ అంటే నాకు గౌరవం. కానీ మన కామ్రేడ్లు 'మా పార్టీలో కులమా?' అని నొచ్చుకున్నప్పుడల్లా నాకు ఆ ఇంటర్వ్యూలో కోర్బిన్ ముఖమే గుర్తొస్తుంది. నిజాయితీగా నొచ్చుకుంటారు. అదే సమస్య.

అదే ఎన్నికలో ఎదుటిపక్షం ఏం చేసిందో చూడండి. బోరిస్ జాన్సన్ నీల్ దగ్గరికి రానేలేదు. నీల్ డిసెంబరు 5న కెమెరా వైపు తిరిగి, జాన్సన్ వచ్చుంటే అడిగే ప్రశ్నలేమిటో తనే చదివి వినిపించాడు. పోలింగ్ ముందురోజు తెల్లవారుజామున ఒక పాల డెయిరీ దగ్గర టీవీ విలేకరి ఎదురుపడితే జాన్సన్ వెళ్లి ఫ్రిజ్ గదిలో దూరాడు. లైవ్‌లోనే! మర్నాడు 365 సీట్లు గెలిచాడు. లేబర్‌కు 202. ఇంటర్వ్యూ ఒక్కటే ఓడించిందని నేను అనను. బ్రెగ్జిట్ మీద ఎటూ తేల్చని వైఖరి పెద్ద కారణం, అది మళ్లీ నాయకత్వం సమస్యే. కానీ జవాబు చెప్పినవాడికంటే ఫ్రిజ్‌లో దూరినవాడికి తక్కువ నష్టం జరిగింది.

మన దగ్గరా ఇంతే. 2007లో గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న నరేంద్ర మోదీ, కరణ్ థాపర్ 2002 గురించి అడగ్గానే నీళ్లు తాగి, మైకు తీసేసి లేచిపోయారు. మూడు నాలుగు నిమిషాల ఇంటర్వ్యూ. ఏడేళ్లకు ప్రధాని అయ్యారు. అధికారం, డబ్బు, సొంత ఛానళ్లు ఉన్నవాళ్లకు ఇంటర్వ్యూ నుంచి లేచిపోవడం ఒక హక్కు. మనం లేచిపోతే పారిపోయారంటారు, కూర్చుంటే తడబడ్డారంటారు.

మరి మనకు దారి ఏది? నాకు 1928 గుర్తొస్తోంది.

సైమన్ కమిషన్‌ను దేశమంతా నల్లజెండాలతో బహిష్కరిస్తోంది. అంబేడ్కర్ వెళ్లారు. ద్రోహి అన్నారు, బ్రిటిష్ తొత్తు అన్నారు. పత్రికలు ఆయన వైపు లేవు. ఎనిమిదేళ్ల ముందు, 1920లో, 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు డబ్బిస్తామన్నా 'కేసరి' ప్రకటన వేయలేదు. వార్తా సంస్థల్లో ఎవరున్నారో, మన వార్త ఎందుకు రాదో ఆయన తర్వాత వివరంగా రాశారు. అందుకే 'మూక్‌నాయక్' తర్వాత 'బహిష్కృత్ భారత్', 'జనతా', 'ప్రబుద్ధ భారత్', ఒకటి మూతపడితే ఇంకోటి. ఆ పత్రికల గురించి చాలామందికి తెలుసు. ప్రశ్నలు వేసేవాళ్ల ఎదుట ఆయన ఎలా కూర్చున్నారన్నది తక్కువ చదువుతాం.

1928 అక్టోబరు 23, పూనా. ఎదురుగా కమిషన్ సభ్యులు. వాళ్లలో ఒకడు లేబర్ ఎంపీ క్లెమెంట్ అట్లీ, తర్వాత బ్రిటన్ ప్రధాని అయినవాడు. బహిష్కృత హితకారిణీ సభ తరఫున లిఖిత నివేదిక అంతకు ముందే ఇచ్చేశారు. బొంబాయి కౌన్సిల్లో 140 స్థానాల్లో 22 మనకు కావాలన్నారు. ప్రశ్నలు మొదలయ్యాయి. ఎవరు అణగారిన వర్గాలు, ఎవరు కాదు, ఎంతమంది, ఎలా లెక్క? ప్రత్యేక నియోజకవర్గాలా, రిజర్వుడు సీట్లా? ఆయన జవాబు సారాంశం ఇది: వయోజన ఓటుహక్కు ఇస్తే రిజర్వుడు సీట్లు చాలు, ఇవ్వకపోతే ప్రత్యేక నియోజకవర్గాలు కావాలి. ఒక షరతు, రెండు దారులు, ఉపన్యాసం లేదు. ఎదుటివాడికి లాగడానికి దారప్పోగు దొరకదు. ఆ సాక్ష్యం మొత్తం ఆయన రచనల రెండో సంపుటంలో ఉంది, విద్యార్థులు తప్పకుండా చదవాలి. ఉద్వేగం వెతుక్కుంటే ఎక్కువ దొరకదు. తయారీ దొరుకుతుంది.

నాకనిపించేది ఏమంటే, బాబాసాహెబ్‌కు ఆ గది తన వైపు ఉంటుందన్న భ్రమ ఒక్కరోజూ లేదు. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడు ఆయన. ఎదుటివాడు శత్రువులా ప్రశ్నిస్తే ఆశ్చర్యపోడు, నొచ్చుకుని మాట పోగొట్టుకోడు. న్యాయవాది కూడా, క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఏమిటో తెలుసు. ష్రాప్‌షైర్‌లో పెద్ద బంగళాలో పెరిగిన కోర్బిన్‌కు లోకం క్రూరమని సిద్ధాంతం ద్వారా తెలుసు. బాబాసాహెబ్‌కు అనుభవం ద్వారా తెలుసు. వామపక్ష నాయకుల తడబాటులో ఈ ఆశ్చర్యం పాలు చాలా ఉంది. (బాబాసాహెబ్‌ను వామపక్ష చరిత్ర బయట నిలబెట్టేవాళ్లకు ఒక మాట. 1936లో ఆయన పెట్టిన పార్టీ పేరే ఇండిపెండెంట్ లేబర్ పార్టీ. 1938 నవంబరు 7న బొంబాయిలో కార్మిక బిల్లుకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెలో కమ్యూనిస్టులతో కలిసి నిలబడ్డారు.)

అట్లీ గురించి ఒక ముచ్చట. మీడియా ముందు ఆయన జవాబులు 'అవును', 'కాదు', 'లేదు' అన్నంత పొట్టిగా ఉండేవి. ప్రధాని నివాసంలో వార్తల టెలిప్రింటర్ పెట్టిద్దామంటే వద్దన్నాడట. క్రికెట్ స్కోర్లు కూడా వస్తాయని నచ్చజెప్పి ఒప్పించారట. పొట్టిగా మాట్లాడి కూడా వామపక్ష నాయకుడు దేశాన్ని నడపొచ్చని చెప్పడానికే ఇది.

ఇక మన ఇంటి లెక్క. భారత కమ్యూనిస్టు పార్టీ పుట్టింది 1925లో. ఒక దళితుడు, డి. రాజా, ప్రధాన కార్యదర్శి అయింది 2019లో. సీపీఎం 1964లో ఏర్పడింది. పొలిట్‌బ్యూరోలోకి మొదటి దళితుడు, బెంగాల్ నాయకుడు రామచంద్ర డోమ్, వచ్చింది 2022లో, కన్నూరు మహాసభలో. 58 ఏళ్లు! లాఠీదెబ్బలు తిన్నవాళ్లలో, జైళ్లకు పోయినవాళ్లలో, పొలాల్లో ఎర్రజెండా పాతినవాళ్లలో మనవాళ్లు మొదటి రోజు నుంచీ ఉన్నారు. మైకు ముందు కూర్చునే కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఇన్నేళ్లు పట్టింది. శత్రువుల గదిలో పుట్టి పెరిగినవాళ్లను వెనక కూర్చోబెట్టి, ఆ గదిని చూసి నొచ్చుకునేవాళ్లను ముందుకు పంపారు. నాయకత్వం సమస్య అంటే నాకు అర్థమైంది ఇదే.

ఇదే తప్పు మన సంఘాలూ చేస్తున్నాయి. ఆ అమ్మాయిని చర్చకు పంపేటప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని అడ్డగోలు ప్రశ్నలు వేశారా? తిన్నావా అని అడిగారా? నేను అడగలేదు. 'బాగా మాట్లాడు తల్లీ, జై భీమ్' అని వాట్సాప్‌లో పిడికిలి బొమ్మ పెట్టాను. క్లిప్ తిరగడం మొదలయ్యాక సంఘం గ్రూపులో సగంమంది మౌనం. ఒకాయన 'ప్రిపేరై వెళ్లాల్సింది' అని పెట్టాడు. ముఖం ఆమెది, ఉద్యమం అందరిదీ. దెబ్బ మాత్రం ముఖానికే.

నిన్న సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. ముందు అన్నం పెట్టాను. తర్వాత రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని నేను యాంకర్ని అయ్యాను. అదే ప్రశ్న అదే గొంతుతో వేశాను. మొదటి రెండుసార్లు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడోసారి, "మొత్తం సంఖ్య ప్రభుత్వం దగ్గర ఉంది, మీరు వాళ్లనడగండి. నేను మా హాస్టల్లో ఫీజు రాక హాల్ టికెట్ ఆపేసిన పిల్లల లెక్క చెబుతాను" అంది. బాగుంది. ఆ తర్వాత కుర్చీలు మార్చుకుందామంది. తను యాంకర్, నేను అతిథిని.

"మేడమ్, మీరు తెలుగులో డాక్టరేట్ కదా. మీ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి? సంఖ్య చెప్పండి. ఊరికే ఉద్యమాలు అంటారు, ఆ మాత్రం తెలీదా?"

నాకు తెలుసు. పోయిన నెలే దాని మీద వినతిపత్రం రాశాను. నోరు తెరిచాను, ఒక సంఖ్య చెప్పాను, కాదని ఇంకోటి చెప్పాను.

ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ క్లిప్ వచ్చిన తర్వాత మొదటిసారి. "ఇరవై సెకన్లకు కట్ చేసి పెట్టేస్తానక్కా" అంది. తర్వాత నీళ్లు తాగి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని, "సరే, మళ్లీ నన్నడుగు" అంది.